పది లక్షల తొమ్మిది

బడి గ్రంథాలయంలో ఒక ముసలాయన ప్రధాన సంఖ్యల పట్టిక పుస్తకం తెరిచి, అచ్చయిన వరుస మీద ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశాడు.

షాకిర్ ఉస్తాద్ అది చూశాడు. కోకంద్‌లోని ఆ బడిలో ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాడు. ఒళ్లు మండిపోయింది.

"ఏయ్! మీ తాత సొత్తనుకున్నావా?"

"తప్పు దిద్దుతున్నాను ఉస్తాద్. పది లక్షల తొమ్మిది ప్రధాన సంఖ్య కాదు. రెండు వందల తొంభై మూడుతో భాగిస్తే నిశ్శేషంగా పోతుంది."

గుమ్మంలో నిలబడ్డ అతని శిష్యురాలు జుల్హుమార్ ఉలిక్కిపడింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

పోటీ పరీక్షలో ఆ పిల్ల రాసిన జవాబూ అదే. షాకిర్ ఈ పుస్తకం చూసే సున్నా వేశాడు. ఆ సున్నాతో తాష్కెంట్ గణిత పాఠశాలలో సీటు పోయింది. ఎంపికైనవాళ్ల పేర్ల జాబితా కోసం జిల్లా ఆఫీసు కారు వచ్చే వేళయింది.

"నేనూ అదే రాశాను కదా ఉస్తాద్!"

"నోర్ముయ్! ఈ ముసలాణ్ణి నువ్వే పట్టుకొచ్చావా?"

"పిల్లనెందుకు తిడతావు?" ముసలాయన గొంతు లేచింది. "వెయ్యి వర్గానికి మూడు వర్గం కలుపు. తొమ్మిది వందల డెబ్బై రెండు వర్గానికి రెండు వందల ముప్పై ఐదు వర్గం కలుపు. రెండూ పది లక్షల తొమ్మిదే. అలా రెండు దారుల్లో విడిపోయేది ప్రధాన సంఖ్య ఎలా అవుతుంది?"

"అయితే పుస్తకం రాసినవాడు గాడిదా?"

"గాడిదే! వాడి బద్ధకానికి ఈ పిల్ల బలవుతోంది. ఒక్కసారి భాగించి చూడవయ్యా!"

"గడ్డం నెరిస్తే లెక్కలొచ్చేస్తాయా? నడు బయటికి!"

గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఒక గిన్నెడు టీ అయినా ఇవ్వకుండా పంపడం ఆ ఊళ్లో ఎవరూ చెయ్యరు. షాకిర్ ముసలాయన్ను భుజం పట్టి గెంటాడు.

కారు వచ్చింది. జుల్హుమార్ పేరు లేని జాబితా మీద షాకిర్ సంతకం పెట్టాడు. కారు వెళ్లిపోయింది.

జుల్హుమార్ సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద భాగహారం చేసింది. మూడు వేల నాలుగు వందల పదమూడు. శేషం సున్నా.

"ఇప్పుడు నాకెన్ని మార్కులు ఉస్తాద్?"

షాకిర్ జిల్లా ఆఫీసుకు ఫోన్ చేశాడు. లైను దొరికేసరికి గంట పట్టింది.

"ఇప్పుడా చెప్పేది? పేర్లు తాష్కెంట్‌కి ఫోన్‌లో చదివేశాం. ఇక మారవు," అని అటువైపు పెట్టేశారు.

బస్‌స్టాండ్‌కి పరుగెత్తాడు. టీకొట్టు ఎర్గాష్ గిన్నెలు కడుగుతున్నాడు.

"ఎర్రసిరా ముసలాయనా? ఖుజంద్ బస్సెక్కేశాడు షాకిర్ అన్నా. బడిబడికీ తిరిగి ఆ ఒక్క తప్పూ కొట్టేస్తున్నాడట. సిగ్గుతో ఎక్కడా పేరు చెప్పుకోడట. నా దగ్గర మాత్రం కక్కేశాడు."

"ఏమని?"

"మీ పట్టికల పుస్తకం రాసింది తనేనని."