రెండాకుల సుంకం

“సంచీ ఇలా పెట్టమ్మా.”

గాంగ్వన్ కొండ దిగే దారిలో, బండమీద కూర్చున్న ముసలమ్మ ఏటిలాగే అడిగింది.

ఓక్‌బున్ విసుక్కుంటూ సంచీ దింపింది. నిండా గోమ్‌చ్వీ అనే కొండకూర లేతాకులు.

ముసలమ్మ అడుగుదాకా వేళ్లు పెట్టి కెలికింది. అక్కడక్కడా ఆకు నలిపి వాసన చూసింది. రెండాకులు ఏరి ఒళ్లో వేసుకుంది.

“చాలు. వెళ్లిరా తల్లీ.”

“కొండ మీ తాతది మరి, సుంకం కట్టాల్సిందే” అంది ఓక్‌బున్.

వెనకున్న ఆడవాళ్లు నవ్వారు. ముసలమ్మ వాళ్ల సంచులూ అలాగే చూసింది.

ఆమెది గట్టు అవతలి ఊరు. పేరెవరూ అడగలేదు. వచ్చిన మొదటి ఏడు, “ఇందులో కానిదేదో కలిసిందమ్మా” అని ఓ మాటంది. ఓక్‌బున్ ఆమెని కడిగి పారేసింది.

“నలభై ఏళ్లుగా ఈ కొండెక్కుతున్నా. ఆకు నాకే నేర్పుతావా?”

ఆ తర్వాత ముసలమ్మ ఆ మాటెత్తలేదు. “కూరకి రెండాకులివ్వండమ్మా” అని అడుక్కోవడం మొదలుపెట్టింది.

గోమ్‌చ్వీ వానలు వెనకబట్టాక పసుప్పచ్చగా పూస్తుంది. పువ్వుంటే పోల్చుకోవడం తేలిక. కాని కోసేది వసంతంలో, లేతాకప్పుడు.

మరుసటేడు వసంతంలో బండ ఖాళీగా ఉంది.

“పీడ వదిలింది” అంది ఓక్‌బున్.

ఆ సాయంత్రం ఆమె మొగుడు మన్‌సిక్ పంది మాంసం, సోయా ముద్ద ఆకులో చుట్టుకుని ఇష్టంగా తిన్నాడు. పంటినొప్పితో ఓక్‌బున్ గంజే తాగింది.

గంట తిరక్కుండా అతను వాంతులు చేసుకుంటూ కూలబడ్డాడు.

ఆస్పత్రిలో డాక్టరు మిగిలిన ఆకులు తిరగేశాడు.

“ఇది గోమ్‌చ్వీ కాదమ్మా. వాగుపక్కన పెరిగే విషపు మొక్క. లేతప్పుడు అచ్చం అలాగే ఉంటుంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ కలవలేదా?”

“లేదు” అంది ఓక్‌బున్.

అన్నాక సంచీ అడుగుదాకా వెతికే ఆ వేళ్లు గుర్తొచ్చాయి.

మూడోరోజుకి మన్‌సిక్ లేచి కూర్చున్నాడు.

నాలుగోరోజు ఓక్‌బున్ గట్టు దాటింది. ఒక్కొక్కటే వాసన చూసి కోసిన ఆకులు సంచీ నిండా పట్టుకెళ్లింది.

ముసలమ్మ ఇంటికి తాళం వేసి ఉంది.

“అక్క చలికాలంలోనే పోయింది” అంది పక్కింటామె.

ఓక్‌బున్ గడపమీద కూలబడి ఏడ్చింది.

“కాళ్లు పట్టుకుందామని వచ్చాను. కూరకే అడిగేది కదా, ఈసారి నిండా తెచ్చాను.”

“కూరకా?” పక్కింటామె వింతగా చూసింది. “అక్క తన చేత్తో కోసి తెచ్చిన ఆకు తిన్నందుకే ఆమె మొగుడు పోయాడు. ఈ ముప్పై ఏళ్లలో అక్క ఆకన్నది నోట పెట్టలేదు.”