ముగ్గు పోసిన చోట

"ఎవరప్పా నువ్వు? నా చేన్లో ముగ్గు పోస్తాండావ్?"

ఓబులేష్ అరుపుకు ఆ బక్కమనిషి తల ఎత్తాడు. ఒక చేతిలో సెల్‌ఫోను, ఇంకో చేతిలో ముగ్గుపిండి సంచి.

"సిగ్నలు యాడ పడుతాందో చూస్తాండా అన్నా."

"సోలారోళ్లూ ఇట్లే ముగ్గు పోసినారు. పక్కూరోళ్ల భూములు పాయ!"

ఓబులేష్ చిన్నకూతురు సరళ చెంబుతో నీళ్లు తెచ్చింది. కొత్తవాళ్లంటే ఆమెకు బిడియం. కానీ ఇంట్లో అక్కకు నెలలు నిండాయి. ఊళ్లో ఫోను సరిగ్గా పలకదు. పోయిన ఏడు అమ్మను పాము కరిచినప్పుడు, అంబులెన్సుకు సరళ చేసిన ఫోను మధ్యలోనే తెగిపోయింది. అమ్మ దక్కలేదు.

"సిగ్నలు కంటికి కనపడుతాదా సార్?" మెల్లగా అడిగింది.

"ఎండ మాదిరి అనుకో తల్లీ. గుట్ట అడ్డమొచ్చి మీ ఊరంతా నీడ. ఆ ఎదురుబండకు తగిలింది మాత్రం, అద్దం మీది ఎండ మాదిరి ఇట్ల మళ్లుతాది. చూడు."

సరళ చూసింది. ఎర్రమట్టి మీద తెల్లటి చార. తలుపు సందులోంచి పడ్డ వెలుగులా, బండ నుండి గొర్రెలను తోలే రొప్పం గోడ దాకా.

"కథలు సాలు. సంచి ఎత్తు!"

ఓబులేష్ చెంబు లాక్కున్నాడు. కాలితో ముగ్గంతా చెరిపేశాడు.

ఆయన సంచి ఎత్తుకున్నాడు. పోతూ పోతూ రొప్పం గోడవారన గుప్పెడు పిండి చల్లి, సరళ వైపు చూసి తలూపాడు.

వారం తిరగకుండానే అక్కకు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. సిగ్నలు కోసం గుట్ట ఎక్కే వ్యవధి లేదు.

సరళ రొప్పం దగ్గరికి పరిగెత్తి, ఆ తెల్లమచ్చ మీద నిలబడింది.

ఫోను పలికింది.

కళ్యాణదుర్గం ఆస్పత్రిలో మనవరాలిని ఎత్తుకుని ఓబులేష్ ఏడ్చేశాడు.

"ఆ ముగ్గాయన పుణ్యమప్పా. నీళ్లు గూడా తాగనీకపోతి."

అంబులెన్సు డ్రైవరు గిరి ఆగిపోయాడు. "బక్కగా ఉంటాడా? మా జయరాం సారే! అంబులెన్సు ఆఫీసులో ఫోన్లు ఎత్తుతాండె. పోయినేడు ఒక పాప ఏడుస్తా చేసిందంట. ఊరి పేరు చెప్పేలోపలే తెగిపాయ. ఆ దిగులుతో పని మానుకొని, సిగ్నలు లేని ఊర్లన్నీ తిరుగుతాండాడు. ఇప్పుడు యాడుండాడో!"

ఇప్పుడు సరళ రోజూ వాకిట్లో ముగ్గు వేశాక రొప్పం దగ్గరికి వెళ్తుంది. "ఏడవద్దు తల్లీ, మీ ఊరి పేరు చెప్పు" అని ఆనాడు ఫోనులో బతిమాలిన ఆ గొంతుకు జవాబుగా, గోడవారన ముగ్గుతో ఊరి పేరు రాసి వస్తుంది.