సాకే కణం

రాత్రి ల్యాబ్‌లో దీపాలార్పి అక్క మైక్రోస్కోపులోకి తొంగి చూసింది. హెచ్‌ఐవి సోకిన కణం చీకట్లో ఆకుపచ్చగా మెరిసేలా ముందే రంగు వేసి ఉంచింది. ఒక్కటంటే ఒక్కటే మెరిసింది. మెదడులో నాడీకణాలకు తిండి పెట్టి సాకే సహాయక కణం అది. ఆ కణం మాత్రం నిక్షేపంలా ఉంది. మామూలు వెలుగు వేసి చూస్తే, అది సాకుతున్న కణాలే చుట్టూ వాడిపోయి ఉన్నాయి.

ఇంట్లో ఒంటరిగా ఉన్న తమ్ముడు గుర్తొచ్చాడు. ఏళ్ల తరబడి మందులు మింగితే వాడి రక్తంలో ఈ వైరస్ జాడ లేకుండా పోయింది గానీ, ఈమధ్య మతిమరుపు పట్టుకుంది. ఫోన్ చేసింది.

"పడుకున్నావురా?"

"పాలు చల్లారాక తాగి పడుకుంటా."

"ఏం పాలు?"

"నువ్వేగా ఇప్పుడు కాచింది! వంటింట్లో ఉండి ఫోన్ చేస్తావేంటక్కా? నీ వేళాకోళం నువ్వూనూ."

పాపం, మళ్లీ తికమకపడ్డాడనుకుని ఆమె సర్దిచెప్పబోయింది. అంతలో ఫోన్‌లో చప్పుడు వినబడింది. ఎవరో పాలు ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి తిరగబోస్తున్నారు, తీరిగ్గా, అచ్చం తను పోసినట్టే.

"తాగకురా!" అని అరిచింది.

"తాగుతున్నాలే అక్కా," అన్నాడు తమ్ముడు.

ఆ మాట ఆమెతో అన్నది కాదు.