తాబేలమ్మ సభ

అదేం మడుగో గానీ, అందులోని జీవాలన్నీ పొద్దున్నే సభ పెట్టుకునేవి. తామరాకు ఎక్కినవాళ్లే మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి. సభకు పెద్ద తాబేలమ్మ.

ఆ రోజు నీటికోడి ఆకెక్కింది. "అయ్యలారా, కట్టకెక్కడో కన్నం పడింది. నీళ్లు పోతున్నాయి..." అంటుండగానే బోదురుకప్ప బెకబెకమని గోల మొదలెట్టింది.

"కూర్చోవయ్యా!" అంది తాబేలమ్మ. కూర్చోకపోగా అది ఆకునే చింపేసింది.

"ఇక చాలు. పొద్దుగూకేదాకా కట్ట మీద కూర్చో, పో."

"నా గొంతు నొక్కుతావా?"

"లేదు నాయనా. ఆవిడ గొంతు వినబడనిస్తున్నాను."

కప్ప గొణుక్కుంటూ కట్టెక్కింది. మడుగు నిమ్మళమైంది. ఆ నిశ్శబ్దంలో కప్పకు తన కాళ్ల కిందే బుడబుడ వినిపించింది. వంగి చూస్తే ఎండ్రకాయ బొరియలోంచి నీళ్లు బయటికి జారిపోతున్నాయి! ఎంత వింతో చూడండి, అరవడం తప్ప ఎరగని ఆ కప్ప ముందు చెయ్యెత్తింది.

"తాబేలమ్మా, ఇప్పుడు కేకెయ్యొచ్చా?"

"వెయ్యి నాయనా, గట్టిగా వెయ్యి!"

ఆ కేక వినబడ్డ వైపుకే అందరూ బురద మోసుకుని పరుగెత్తారు. మధ్యాహ్నానికల్లా కన్నం పూడింది. "ఇక దిగిరా కప్పన్నా," అని నీటికోడి పిలిచింది.

"ఇంకా పొద్దుగూకలేదమ్మా," అంది కప్ప, కట్ట మీదే కూర్చుని.