మగ్దలేనమ్మ చేతి గుణం

“రెండోసారి” అన్నాడు వేలం పాడిస్తున్న ఫిలిప్, తొక్కు జాడీని బైబిల్లోని నిబంధన మందసంలా రెండు చేతులా పైకెత్తి.

మందమర్రి క్రైస్తవ సంఘంలో కోత పండుగ నాడు ఎవరి పంట వాళ్లు దేవునికి తెచ్చిపెడతారు. ఆరాధన కాగానే వాటిని వేలం వేస్తారు. గుమ్మడికాయలకూ కోడిపుంజులకూ పాట మామూలుగానే సాగింది. మామిడికాయ తొక్కు వంతు వచ్చేసరికి సంఘమంతా లేచి నిలబడింది. ఎండాకాలంలో ఆ జాడీ నిండింది; తొలకరికి మగ్దలేనమ్మ కన్నుమూసింది. ఆమె చేతి ఆఖరి తొక్కు ఇదే.

కరీంనగర్ నుంచి పండుగకని వచ్చిన ఆమె కోడలు షారోన్ శక్తికొద్దీ పాడింది. రిటైరైన హెడ్మాస్టరు జేమ్స్ ప్రతిసారీ దాటేశాడు.

“మీరన్న పాడుండ్రి మామా. సారు కొట్టుకపోతుండు.”

మగ్దలేనమ్మ పెనిమిటి, బొగ్గుబావిలో వయసంతా ధారపోసిన ఆశీర్వాదం చేతులు కట్టుకొని కూర్చున్నాడు. “పోనీ బిడ్డా. దేవునికిచ్చింది మళ్ల మనమే అడుగుతె ఏం బాగుంటది?”

“మూడోసారి.”

జేమ్స్ జాడీని చంటిబిడ్డలా ఒడిలోకి తీసుకున్నాడు.

“తింటరా సార్, దాస్తరా?” ఎవరో ఎకసెక్కమాడారు.

“తినుడా? మూతనే తియ్య. పానం బాగలేనినాడు మూత మీదికెళ్లే జర వాసన చూస్త.”

అంతటి చేయి మగ్దలేనమ్మది. తొక్కు పెట్టేనాడు, ప్రధాన యాజకుడు అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్లినంత నిష్ఠగా లోపలికి పోయేది. మొగడు రాత్రి షిఫ్టు దిగి పడుకున్నాడంటూ ఎవరికీ గడియ తీసేది కాదు. కాలనీ ఆడవాళ్లు వాకిట్లో నిలబడి వాసన పీల్చి, అది ప్రార్థన బలమని కొందరు, చేతి గుణమని కొందరు వాదించుకునేవారు. అదే ఉప్పూ అదే కారమూ తాము కలిపితే ఆ రుచి రాకపోవడమే ఉభయపక్షాలకూ రుజువు.

ఇంటిదారిలో షారోన్ కళ్లు తుడుచుకుంది. “కడుపుల బిడ్డ ఉన్నప్పుడు నాకు ఏం తిన్నా నిలువకపోయేది మామా. అత్తమ్మ తొక్కొక్కటే నిలిచింది. ఆమె ఏమేస్తుండెనో మీకేమన్న ఎరుకనా? నేర్సుకుంట.”

ఆశీర్వాదం నడక ఆపాడు. కాసేపు చర్చి గంటవైపు చూశాడు.

“వంటింట్ల నాకేం పని బిడ్డా? గా చేతి గుణం ఆమెతోనే పోయింది.”

“మరి మళ్లేడు?”

“అంగట్ల కొనుక్కుందాం తియ్.”

పెళ్లయిన నాటి నుంచి ఆ ఇంట్లో తొక్కు పెట్టింది ఆశీర్వాదమే.