రూతు తర్జుమా

"అబద్ధం నా నోట రాదు," అంది దీనమ్మ, వెల్లుల్లి ఒలుస్తూ.

షామ్‌బర్గ్‌లోని ఆ ఇంట్లో కొన్నాళ్ళుగా ఇదే తగువు. తెల్లవారితే షికాగోలో ఇమిగ్రేషన్ ఇంటర్వ్యూ. మనవణ్ణి చూసుకోవడానికి టూరిస్టు వీసా మీద వచ్చిన దీనమ్మ తిరిగి వెళ్ళిపోతే ఆ పిల్లాణ్ణి పట్టుకునే దిక్కు లేదు. కూతురు రూతు హాస్పిటల్లో నర్సు. తనకింకా సిటిజన్‌షిప్ రాలేదు కాబట్టి తల్లిని స్పాన్సర్ చేసే వీల్లేదు. అందుకే ఒక ఉపాయం పన్నింది. తెలుగు చర్చిలో కృపావరం గారని ఒకాయన ఉన్నాడు. భార్య పోయింది, పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు, సిటిజన్. రూతు ఆయనకీ అమ్మకీ కాగితం మీద పెళ్ళి చేసి, ఆయన్ని తమ ఇంట్లోనే మేడమీద గదికి మార్పించింది. అమ్మకి గ్రీన్‌కార్డు చేతికొచ్చాక ఎవరి దారి వారిదే.

అబద్ధమంటే ఆమడ దూరం ఉండే అమ్మ ఈ పెళ్ళికి కిక్కురుమనకుండా ఒప్పుకోవడం రూతుకే వింతగా అనిపించింది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తేనే అని మాత్రం పట్టుబట్టింది. అమ్మ భక్తి తెలిసిందేగా అనుకుంది రూతు.

ఆఫీసరు మొగుణ్ణీ పెళ్ళాన్నీ విడివిడిగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్నలు అడుగుతాడని, జవాబులు కలవకపోతే అంతే సంగతులని చర్చిలో అందరూ చెప్పారు. రూతు పొద్దున్నే డ్యూటీకి వెళ్ళి చీకటి పడ్డాక వచ్చే మనిషి. వాళ్ళిద్దరి అలవాట్లు కనుక్కునే తీరిక ఎక్కడిది? తేలిగ్గా గుర్తుండే జవాబులు తనే అల్లి ఇద్దరికీ వల్లె వేయించింది. కృపావరం ప్రతిదానికీ అలాగేనమ్మా అన్నాడు. చిక్కంతా దీనమ్మతోనే.

"ఆయన పొద్దున ఏం తింటారు?" అని రూతు మళ్ళీ అడిగింది.

"కార్న్‌ఫ్లేక్స్ అని చెప్పమన్నావు."

"చెప్పమన్నానని అక్కడ అనకమ్మా. కార్న్‌ఫ్లేక్స్ అను, చాలు."

"అది అబద్ధం గదే."

రూతు తల పట్టుకుంది. కాసేపటికి దానికీ దారి దొరికింది. అమ్మకి ఇంగ్లీషు రాదు, పక్కన కూర్చుని తర్జుమా చేసేది తనే. "సరే, నీకు ఏది నిజమనిపిస్తే అది తెలుగులో చెప్పుకో. ఇంగ్లీషు సంగతి నేను చూసుకుంటా," అంది.

"నీ పాపం నీదే," అంది దీనమ్మ.

మర్నాడు ఆఫీసరు ముందు కృపావరాన్ని పిలిచాడు. కాసేపటికి ఆయన నింపాదిగా బయటికొచ్చి, అంతా బాగానే జరిగిందన్నాడు. తల్లీకూతుళ్ళు లోపలికి వెళ్ళారు. తల నెరిసిన ఆఫీసరు ప్రమాణం చేయించి, మొదలుపెట్టాడు. మీ ఆయన పొద్దున ఏం తింటారు?

"ఉప్మా," అంది దీనమ్మ. "నేను పచ్చిమిర్చి దండిగా వేస్తాను. ఆయన అవన్నీ ఏరి నా ప్లేట్లో పెడతారు."

"కార్న్‌ఫ్లేక్స్, చల్లటి పాలు," అంది రూతు ఇంగ్లీషులో.

ఆఫీసరు కలం ఒక్క క్షణం ఆగింది. ఏదో రాసుకుని, ఆయన మీకు ఆఖరిగా ఏం కొనిచ్చారని అడిగాడు. తన మడమలు పగిలాయని ఆయన మెత్తటి చెప్పులు తెచ్చారని, అవి ఒక సైజు పెద్దవైనా ఆ మాట ఆయనతో అనలేదని దీనమ్మ చెప్పింది. సెంటు సీసా అని రూతు తర్జుమా చేసింది.

ఆదివారం చర్చి అయ్యాక ఏం చేస్తారన్నది తర్వాతి ప్రశ్న.

"నాకు కారు నేర్పిస్తున్నారు. మొన్న పార్కింగ్ లాట్‌లో చెత్తడబ్బా పడగొట్టేశాను. ఆయన తిట్టలేదు, దిగి ఎత్తి నిలబెట్టారు."

రూతు తల తిప్పి తల్లిని ఎగాదిగా చూసింది. ఆఫీసరు ఎదురుచూస్తున్నాడు. "పార్కులో వాకింగ్ చేస్తారు," అంది.

ఆఫీసరు కలం కింద పెట్టాడు. ఈవిడ చెప్పినవాటిలో ఒక్కటీ భర్త చెప్పినవాటితో కలవలేదని, దీనికి అర్థమేమిటో మీకు తెలుసు కదా అని మెల్లిగా అన్నాడు.  పాఠం అప్పజెప్పమంటే ఈ అంకుల్ అంతా మర్చిపోయాడని రూతు కృపావరాన్ని లోలోపలే తిట్టుకుంది. అమ్మని విమానం ఎక్కించడం కళ్ళ ముందు మెదిలింది.

"చివరిగా ఒకటి అడుగుతాను," అన్నాడు ఆఫీసరు. "మీ ఇద్దరూ ఈమధ్య దేనిగురించి పోట్లాడుకున్నారు?"

దీనికి రూతు ముందుగా ఏ జవాబూ అల్లి పెట్టలేదు. వేరే దారిలేక ఉన్నదున్నట్టు తల్లిని అడిగింది.

దీనమ్మ కొంగు సర్దుకుంది. "మాది ఉత్తుత్తి పెళ్ళి కాదని నీకు ఎవరు చెప్పాలా అని. 'నీ కూతురు, నువ్వే చెప్పు' అంటారాయన. నాకు సిగ్గు, మీరే చెప్పండంటాను నేను. నిన్న కూడా అదే గొడవ." కూతురి మొహం చూసి, "అలా చూస్తావేమే? ఆఫీసరుగారు కాచుకుని ఉన్నారు, చెప్పు," అంది.

రూతు ఏ మాటా మార్చడానికి బుర్ర పనిచేయక, అమ్మ అన్నది అన్నట్టే ఇంగ్లీషులో చెప్పేసింది.

ఆఫీసరు తను రాసుకున్నది ఒకసారి చూసుకున్నాడు. కళ్ళజోడు తీసి, నవ్వాపుకుంటూ కలం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఆయనా ఇదే చెప్పారు. మిగతావన్నీ మళ్ళీ మొదట్నించీ అడుగుతాను. ఈసారి మీ అమ్మగారు చెప్పిందే చెప్పండి."