వాగవతలి నేల

లాయర్ ఏసా విట్లో పేరెత్తితే చాలు, హైరమ్ టాకెట్‌కు ఒళ్లు మండేది.

కెంటకీ శాసనసభలో పట్టుబట్టి ఆయనొక చట్టం చేయించాడు. భర్త చేసిన అప్పుకు భార్య పుట్టింటి భూమిని జప్తు చేయకూడదట.

దాంతో వాగవతల అతని భార్య డెల్ఫీకి పుట్టింటి నుంచి వచ్చిన పద్దెనిమిది ఎకరాలనూ, అందులోని ఇంటినీ తాకట్టు పట్టే నాథుడే లేకపోయాడు. హైరమ్ తన పొగాకు చేలు కుదువబెట్టి కంచరగాడిదలు కొన్నాడు.

ఆ ఆగస్టులో విట్లో ఓట్లడుగుతూ గుర్రం మీద వాళ్లింటికి వచ్చాడు.

"ఆ ఊటలో నీళ్లు కాసిని ఇస్తావా తల్లీ?"

డెల్ఫీ సొరబుర్రతో ముంచి ఇచ్చింది. ఆయన ఊట పక్కనున్న బేరిచెట్టు మీద చెయ్యి వేసి, నెమ్మదిగా తాగాడు.

"తాగావుగా, ఇక దయచెయ్" అన్నాడు హైరమ్. "నా పెళ్లాన్ని దొరసానిని చేశావు. రేపు నాగలి తనకిచ్చి నన్ను రొట్టెలు కాల్చమంటావా?"

"నువ్వు కాల్చిన రొట్టె కుక్కయినా ముట్టదులే" అంది డెల్ఫీ.

విట్లో నవ్వి గుర్రమెక్కాడు.

అప్పట్లో ఓటు అందరి ముందూ నోటితోనే చెప్పాలి. ఓట్ల నాడు కోర్టు మెట్ల మీద పేరు పిలవగానే హైరమ్ ఊరంతా వినేలా అరిచాడు.

"గుంటనక్కకైనా వేస్తాగానీ విట్లోకు వెయ్యను! అతని మీద నిలబడ్డ బ్యాక్స్టర్‌కు రాసుకోండి!"

ఓట్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చున్న విట్లో లేచి టోపీ తీశాడు. "ఇంట్లో అమ్మాయిని అడిగానని చెప్పు."

జనం పగలబడి నవ్వారు.

విట్లో ఓడిపోయాడు. ఆ చలికాలమే జ్వరమొచ్చి పోయాడు.

మరుసటేడు పొగాకు ధర పడిపోయింది. ముసలి షెరిఫ్ వచ్చి చేలూ గాడిదలూ వేలం వేశాడు. వాగు దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"ఇల్లు కూడానా?" అడిగాడు హైరమ్.

"వాగు దాటడానికి నాకు హక్కు లేదు. అది మీ ఆవిడది. విట్లో చట్టం."

హైరమ్ వాగవతలి ఇంటివైపు చూశాడు. "ఆయన్నెక్కడ పూడ్చారు? ఒక్కసారి వెళ్లి టోపీ తీసి రావాలి" అన్నాడు.

డెల్ఫీ కళ్లు తుడుచుకుంది. "మేమెవరమని ఆయనకంత పట్టుదల?"

"ఈ నేల మీ నాన్న ఎక్కడ కొన్నాడమ్మా?" అన్నాడు షెరిఫ్.

"వేలంలో."

"ఆ వేలం గంట కొట్టింది నేనే. మొగుడి అప్పుకు తన పుట్టింటి నేల పోగొట్టుకుని ఓ ఇల్లాలు పిల్లాడి చెయ్యి పట్టుకుని ఈ వాగు దాటి వెళ్లిపోయింది. ఆ బేరిచెట్టు ఆవిడ నాటిందే."

"ఎవరావిడ?"

షెరిఫ్ టోపీ తీశాడు.

"విట్లో వాళ్లమ్మ. వాళ్లకు పోయింది సరిగ్గా ఈ పద్దెనిమిది ఎకరాలే."